రెండు పనుల సూత్రం: పాస్ట్ పర్ఫెక్ట్ బోధనపై ఖండన

తెలుగునాట ఇంగ్లిష్ వ్యాకరణం చదివినవారిని పాస్ట్ పర్ఫెక్ట్ ఎప్పుడు వాడాలని అడిగితే దాదాపు అందరి నోటా ఒకే సూత్రం వస్తుంది: గతంలో రెండు పనులు జరిగినప్పుడు ముందు జరిగిన పనిని పాస్ట్ పర్ఫెక్ట్‌లోను, తరువాత జరిగిన పనిని సింపుల్ పాస్ట్‌లోను చెప్పాలి. హైస్కూలు గైడ్లు, స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకాలు, పోటీ పరీక్షల కోచింగ్ నోట్సులు ఈ సూత్రాన్ని ఎంత నిశ్చయంగా చెబుతాయంటే, దానికి ప్రమాణం ఏమిటని అడగాలన్న ఆలోచన కూడా చదివేవారికి రాదు. పాస్ట్ పర్ఫెక్ట్ అంటే 'హ్యాడ్' అనే సహాయక క్రియకు ప్రధాన క్రియ మూడవ రూపాన్ని, తరగతి గదిలో వి3 అని పిలిచే రూపాన్ని, చేర్చగా ఏర్పడేది. సింపుల్ పాస్ట్ అంటే సహాయక క్రియ అవసరం లేకుండా క్రియ రెండవ రూపమే గతాన్ని చెప్పేది. వీటి నిర్మాణంలో పేచీ ఏమీ లేదు. పేచీ అంతా ప్రయోజనంలోనే ఉంది. అక్కడ ప్రచారంలో ఉన్న సూత్రం కాస్త సవరిస్తే సరిపోయే స్థూల నియమం కాదు. అడగవలసిన ప్రశ్నను వదిలి వేరే ప్రశ్నకు జవాబు చెబుతున్న నియమం.

సూత్రం నిజమైతే గతంలోని రెండు పనులను కలిపి చెప్పే ప్రతి ఇంగ్లిష్ వాక్యంలోను ఒక 'హ్యాడ్' కనిపించాలి. 'పొట్టి శ్రీరాములు డైడ్ ఇన్ డిసెంబర్ 1952, అండ్ ఆంధ్ర స్టేట్ వాజ్ ఫార్మ్‌డ్ ఇన్ అక్టోబర్ 1953' అనే వాక్యంలో రెండు ఘటనలున్నాయి. ఒకటి ముందుది, మరొకటి తరువాతిది, రెండూ గడిచిపోయినవే. ఇక్కడ 'డైడ్' తీసి 'హ్యాడ్ డైడ్' పెడితే వాక్యం మెరుగుపడదు సరికదా కుంటుతుంది, ఎందుకంటే తేదీలూ చెప్పిన వరుసా కలిసి ముందువెనుకలను తేల్చేశాక 'హ్యాడ్' చేయడానికి పనేమీ మిగలలేదు. అవే రెండు ఘటనలను ఇంకో విధంగా చెప్పవచ్చు: 'వెన్ ఆంధ్ర స్టేట్ వాజ్ ఫార్మ్‌డ్, పొట్టి శ్రీరాములు హ్యాడ్ బీన్ డెడ్ ఫర్ మోర్ దాన్ నైన్ మంత్స్'. ఇప్పుడు 'హ్యాడ్' తప్పనిసరి అయింది. ఘటనలు మారలేదు, వాటి క్రమం మారలేదు, 1952 డిసెంబరు 15కూ 1953 అక్టోబరు 1కీ మధ్యనున్న తొమ్మిదిన్నర నెలల ఎడం మారలేదు. మారినదల్లా వాక్యం ఎక్కడ నిలబడి మాట్లాడుతోందన్నదే: మొదటిది మరణం దగ్గర మొదలై రాష్ట్రావతరణ దాకా కాలంతోపాటే నడిచింది, రెండవది రాష్ట్రం అవతరించిన రోజున నిలబడి వెనక్కి చూసింది. ఏ పని ముందు జరిగిందనే సమాచారమే కాలరూపాన్ని నిర్ణయించేదైతే రెండు వాక్యాల్లోనూ ఒకే రూపం రావలసింది. రాలేదు కనుక నిర్ణయించేది ఆ సమాచారం కాదు.

కాలంతోపాటు నడిచే వాక్యమే కథనానికి సహజమైన రీతి. అమెరికన్ భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్, జాషువా వాలెట్స్కీతో కలిసి 1967లో ప్రకటించిన అధ్యయనంలో మామూలు మనుషులు నోటితో చెప్పుకున్న అనుభవాలను పరిశీలించి, వాక్యాలు వచ్చే వరుసే ఘటనలు జరిగిన వరుసగా వినేవారు గ్రహిస్తారని, కథ చెప్పడమంటే ప్రాథమికంగా అదేనని చూపాడు. 'హి కేమ్ హోమ్, అన్‌లాక్డ్ ది డోర్ అండ్ స్విచ్డ్ ఆన్ ది లైట్' అన్నప్పుడు ఇంటికి రావడం, తాళం తీయడం, దీపం వేయడం ఒకదాని తరువాత ఒకటి జరిగాయని చెప్పడానికి మూడు సింపుల్ పాస్ట్ క్రియలు సరిపోయాయి. మూడు పనులు జరిగితే దేనికి 'హ్యాడ్' చేర్చాలో రెండు పనుల సూత్రం చెప్పదు. బహుశా ప్రశ్నపత్రాలలో మూడో పని ఎన్నడూ జరగదు కాబట్టి ఆ లోటు ఎవరి కంటా పడలేదు.

వరుస తలకిందులైనా 'హ్యాడ్' రావాలన్న నిర్బంధం అన్నిచోట్లా లేదు. 'షి లాస్ట్ ది పెన్ హర్ ఫాదర్ గేవ్ హర్' అనే వాక్యంలో పెన్ను పోవడం ముందు చెప్పారు, తండ్రి ఇవ్వడం వెనుక చెప్పారు. జరిగింది మాత్రం ఇవ్వడమే ముందు. అయినా 'గేవ్' అనడంలో దోషం లేదు, ఎందుకంటే ఇవ్వనిదే పోగొట్టుకోవడం కుదరదని లోకజ్ఞానమే చెబుతోంది. 'ఆఫ్టర్' అనే సంయోజకం ఉన్న వాక్యాలదీ ఇదే తీరు. ఆ మాటే క్రమాన్ని చెబుతున్నది కనుక 'ఆఫ్టర్ హి ఫినిష్డ్' అన్నా 'ఆఫ్టర్ హి హ్యాడ్ ఫినిష్డ్' అన్నా చెల్లుతుందని, చాలా సందర్భాల్లో అర్థంలో తేడా ఉండదని, క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ 1985లో వెలువరించిన బృహద్వ్యాకరణం మొదలుకొని ప్రామాణిక గ్రంథాలు అంగీకరిస్తూనే ఉన్నాయి. ప్రాచీన ఇంగ్లిష్‌లోనైతే ఈ పని చాలాసార్లు సాధారణ భూతకాల క్రియే చేసేది. అవసరమైతే 'మునుపు' అనే అర్థమున్న ఒక అవ్యయం దాని పక్కన చేరేది. ముందువెనుకలు చెప్పడానికి భాషకు దారులు అనేకం ఉన్నప్పుడు వాటిలో ఒక్కదాన్ని తప్పనిసరి చేయడం వ్యాకరణం కాదు.

సూత్రం మరో దిక్కున కూడా విఫలమవుతుంది. 'బై టెన్ ఓ'క్లాక్ ది షాప్స్ హ్యాడ్ క్లోజ్డ్' అనేది నిర్దుష్టమైన వాక్యం. పది గంటలకల్లా దుకాణాలు మూసేశారు. ఇందులో రెండో పని లేదు, ఉన్నది గడియారంలోని ఒక క్షణం. రెండు పనులు అవసరమన్న సూత్రం ప్రకారం ఈ వాక్యంలో పాస్ట్ పర్ఫెక్ట్‌కు చోటే ఉండకూడదు. ఇది మరీ మొండిగా అడ్డం తిరిగే ఉదాహరణ కావడంతో కొన్ని గైడ్లు దీనిని 'బై ఉంటే హ్యాడ్ వస్తుంది' అనే వేరే సూత్రంగా చేర్చి, మొదటి సూత్రానికి దెబ్బ తగలకుండా చూసుకుంటాయి. విడివిడి సూత్రాలు పెరుగుతూ పోతున్నాయంటే వాటన్నిటికీ అడుగున ఉన్న ఒక్క కారణాన్ని పట్టుకోలేదన్నమాట.

అన్నిటికంటె బలమైన ప్రతికూల సాక్ష్యం 'బిఫోర్' ఉన్న వాక్యాల్లోనే దొరుకుతుంది. విచిత్రమేమంటే, సూత్రానికి ఆలంబనంగా చూపేదీ ఈ వాక్యాలనే. డాక్టరు రాకముందే రోగి చనిపోయాడనే అర్థంతో 'ది పేషెంట్ హ్యాడ్ డైడ్ బిఫోర్ ది డాక్టర్ కేమ్' అన్న వాక్యం తెలుగు విద్యార్థులకు తరతరాలుగా కంఠస్థం. అది తప్పు వాక్యం కాదు. అయితే 'ది పేషెంట్ డైడ్ బిఫోర్ ది డాక్టర్ కేమ్' అన్నది కూడా అంతే ఒప్పు. పైగా ఇంగ్లిష్ మాతృభాషగా గలవారు మామూలుగా అనేది ఇదే. దానిని తప్పుగా గుర్తించమని అడిగే 'స్పాటింగ్ ఎర్రర్స్' ప్రశ్న ఒప్పును తప్పనిపించి మార్కులు పంచుతోంది. ఇప్పుడు 'ది చైర్మన్ లెఫ్ట్ బిఫోర్ ది స్పీకర్ హ్యాడ్ ఫినిష్డ్' అనే వాక్యం చూడాలి. వక్త ప్రసంగం ముగించకముందే అధ్యక్షుడు వెళ్లిపోయాడు. ముందు జరిగింది అధ్యక్షుడి నిష్క్రమణ. అది సింపుల్ పాస్ట్‌లో ఉంది. తరువాత జరిగింది ప్రసంగం ముగియడం. అది పాస్ట్ పర్ఫెక్ట్‌లో ఉంది. అధ్యక్షుడు లేచిపోవడంతో సభ చెదిరి ప్రసంగం అసలు ముగియకపోయి ఉండవచ్చు కూడా. అంటే తరువాత జరిగిన పనికి, ఒక్కోసారి ఎన్నడూ జరగని పనికి, 'హ్యాడ్' వచ్చి చేరింది. సూత్రం చెప్పినదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం. అయినా ఈ వాక్యాన్ని తప్పు పట్టగల ఇంగ్లిష్ వ్యాకరణవేత్త ఉండడు.

పూర్తయిన పనికే పాస్ట్ పర్ఫెక్ట్ అని కొందరు చేసే సవరణ కూడా నిలవదు. 1941 డిసెంబరులో జపాను విమానాలు రంగూన్‌పై బాంబులు వేసేనాటికి అక్కడ వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. అలాంటి ఒక కుటుంబం గురించి 'వెన్ ది బాంబ్స్ ఫెల్, దే హ్యాడ్ లివ్డ్ ఇన్ రంగూన్ ఫర్ ట్వెంటీ ఇయర్స్' అంటే, బాంబులు పడిన ఘడియకు వారి కాపురం ముగిసిందని కాదు, అప్పటికి ఇరవై ఏళ్లుగా సాగుతూ ఉందని. తెలుగులో కొందరు పాస్ట్ పర్ఫెక్ట్‌కు పెట్టిన పూర్ణ భూతకాలం అనే పేరులోని 'పూర్ణ' శబ్దం లాటిన్ వ్యాకరణ పరిభాష నుంచి వారసత్వంగా వచ్చిందే గాని ఇంగ్లిష్ క్రియ స్వభావాన్ని చూసి పెట్టింది కాదు.

ఈ సూత్రం ఎక్కడ పుట్టిందో వెతికితే పాత వ్యాకరణాలే దానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతాయి. 1795లో యార్క్ నగరంలో అచ్చయి, ఆ తరువాత దశాబ్దాల తరబడి బ్రిటన్‌లోను అమెరికాలోను పాఠశాలలను ఏలిన లిండ్లీ మర్రే వ్యాకరణం, లాటిన్ ఆనవాయితీ ప్రకారం ఈ కాలరూపాన్ని 'ప్లూపర్ఫెక్ట్' అని పిలిచి, వాక్యంలో నిర్దేశించిన మరొక కాలబిందువు కంటె ముందుగా ఒక విషయం గడిచిపోయిందని ఇది తెలుపుతుందని నిర్వచించింది. నిర్వచనంలో ఉన్నది కాలబిందువు, మరొక పని కాదు. కాని దానికిచ్చిన ఉదాహరణలో ఒకరు ఉత్తరం ముగించడం, ఇంకొకరు రావడం అనే రెండు పనులున్నాయి. నిర్వచనం మరచి ఉదాహరణనే పట్టుకున్నవారికి కాలబిందువు కాస్తా రెండో పనిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. వలస పాలనలో విద్యాశాఖ ఉద్యోగిగా పనిచేసిన, 'బో జెస్ట్' అనే సాహస నవలతో పేరు పొందిన పి. సి. రెన్, హెచ్. మార్టిన్‌తో కలిసి 1930లలో తెచ్చిన హైస్కూలు వ్యాకరణానిదీ ఇలాంటి కథే. తరువాత ఎన్. డి. వి. ప్రసాదరావు సవరించగా నేటికీ దేశమంతటా అమ్ముడవుతున్న ఆ పుస్తకం, గతంలోని ఒక క్షణానికి ముందే ముగిసిన పనిని ఈ రూపం చెబుతుందనే మొదలుపెడుతుంది. రెండు పనులలో ఏది ముందుదో చూపవలసిన అవసరం కలగవచ్చని, అలాంటి చోట ఇది ప్రధానంగా వాడుకలోకి వస్తుందని ఆచితూచి చెబుతుంది. 'కలగవచ్చు' అన్న మాటను 'తప్పనిసరి'గా మార్చింది ఆ పుస్తకం కాదు, దాన్ని సంక్షేపించి నోట్సులుగా కుదించినవారు. రెన్ అండ్ మార్టిన్ పేరు ప్రమాణంగా చూపుతూ ఈ సూత్రాన్ని సమర్థించేవారు ఆ పేజీ మరొకసారి తెరవడం మంచిది.

పాస్ట్ పర్ఫెక్ట్ నిజంగా చేసే పని ఏమిటో జర్మన్ తత్త్వవేత్త హాన్స్ రైఖెన్‌బాఖ్ 1947లో, ప్రతీకాత్మక తర్కశాస్త్రంపై రాసిన పుస్తకంలో కొద్ది పుటలలో తేటతెల్లం చేశాడు. ఏ కాలరూపాన్ని వివరించాలన్నా మూడు బిందువులు కావాలన్నది అతని ప్రతిపాదన. మాట పలుకుతున్న సమయం ఒకటి. దీనిని ఉక్తికాలం అనవచ్చు. పని జరిగిన సమయం రెండవది, అది ఘటనాకాలం. మూడవది అంతకుముందు వ్యాకరణాలు స్పష్టంగా విడదీయనిది: ఏ సమయాన్ని గురించి మాట్లాడుతున్నామో ఆ సమయం. దీనిని ప్రసక్తకాలం అంటే అర్థం చెడదు. సింపుల్ పాస్ట్‌లో ఘటనాకాలమూ ప్రసక్తకాలమూ ఒకటే, రెండూ ఉక్తికాలానికి వెనుక ఉంటాయి. పాస్ట్ పర్ఫెక్ట్‌లో మూడూ వేరు: ప్రసక్తకాలం ఉక్తికాలానికి వెనుక, ఘటనాకాలం ప్రసక్తకాలానికి ఇంకా వెనుక. ఈ వివరణలో 'రెండు పనులు' అనే మాట రాలేదు. ప్రసక్తకాలాన్ని ఇంకొక పని చూపవచ్చు, 'బై టెన్ ఓ'క్లాక్' లాంటి గడియారపు మాట చూపవచ్చు, ఒక తేదీ చూపవచ్చు, ముందటి పేరా మొత్తం చూపవచ్చు. డాక్టరు రాక లాంటి రెండో పని ఆ స్థానంలోకి రాగల అనేక వస్తువులలో ఒకటి మాత్రమే. గైడ్లు దానినే లక్షణంగా ప్రకటించాయి.

1973లో బార్బరా పార్టీ అనే అమెరికన్ అర్థశాస్త్రవేత్త, అంటే మాటల అర్థాన్ని పరిశోధించే శాస్త్రంలో నిష్ణాతురాలు, ఇంగ్లిష్ కాలరూపాలు సర్వనామాల వలె ప్రవర్తిస్తాయని చూపింది. 'ఆమె వెళ్లింది' అనే వాక్యం వినగానే ఎవరు ఆమె అనే ప్రశ్న పుట్టినట్టే, 'షి హ్యాడ్ లెఫ్ట్' అనగానే ఎప్పటికి వెళ్లిపోయింది అనే ప్రశ్న పుడుతుంది. దానికి జవాబు ముందుగానైనా ఉండాలి, వెంటనే అయినా రావాలి. భారతీయ ఇంగ్లిష్‌లో విరివిగా వినిపించే 'యెస్టర్‌డే ఐ హ్యాడ్ గాన్ టు విజయవాడ' లాంటి వాక్యం దగ్గర ఇతర ప్రాంతాల ఇంగ్లిష్ పాఠకుడు తడబడేది ఈ కారణంచేతనే. అతను విజయవాడ ప్రయాణం తరువాత జరిగిన అసలు సంగతి కోసం ఎదురుచూస్తాడు, సంగతి రాదు. ఆ వాక్యం వెనుక హిందీలోని 'గయా థా' వంటి రూపాల ప్రభావం ఉండవచ్చు, ఎందుకంటే హిందీలో ఆ రూపం రెండో ఘటన తోడు లేకుండా ఒంటరిగానూ సహజంగా వస్తుంది. తెలుగువారి నోట అది రావడానికి మరో భ్రమ కూడా తోడైంది: బాగా వెనకటి సంగతైతే 'హ్యాడ్' వాడాలన్న అపోహ. క్రీస్తుపూర్వం మూడవ శతాబ్దంలో అశోకుడు కళింగను జయించిన సంగతి చెప్పడానికి 'అశోక కాంకర్డ్ కళింగ' చాలు. అయిదు నిమిషాల క్రితం జరిగినదానికి 'హ్యాడ్' అవసరమయ్యే సందర్భాలు రోజూ ఎదురవుతాయి. ఘటన ఎంత దూరానిదో కాలరూపానికి అక్కర లేదు.

ప్రసక్తకాలం అనే భావన తెలుగువారికి కొత్తదేమీ కాదన్నది ఇక్కడ గుర్తించవలసిన విషయం. తెలుగు క్రియకు పాస్ట్ పర్ఫెక్ట్‌కు సరిసమానమైన ప్రత్యేక రూపం వాడుకలో స్థిరపడలేదు. 'వచ్చి ఉన్నాడు' వంటి సమాస క్రియలు ఉన్నా 'వచ్చాడు' అనేదే ఎక్కువ చోట్ల సరిపోతుంది. కాని 'మేము స్టేషన్ చేరేసరికి రైలు వెళ్లిపోయింది', 'అప్పటికే రైలు వెళ్లిపోయింది' అనే వాక్యాల్లోని 'చేరేసరికి', 'అప్పటికే' అనే మాటలు సరిగ్గా ప్రసక్తకాలాన్నే నిలబెడుతున్నాయి. ఇంగ్లిష్‌లో 'వెన్ వి రీచ్డ్ ది స్టేషన్, ది ట్రెయిన్ లెఫ్ట్' అంటే చేరిన వెంటనే, బహుశా కళ్లముందే, రైలు కదిలిందని. 'వెన్ వి రీచ్డ్ ది స్టేషన్, ది ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్' అంటే చేరే వేళకు రైలు లేదని. 'వెన్' అనే మాట 'ఆఫ్టర్' లాగా, 'బిఫోర్' లాగా క్రమాన్ని తనంతట తాను తేల్చదు. అందుకే ఇక్కడ 'హ్యాడ్' అర్థాన్నే మార్చగలిగింది. పాస్ట్ పర్ఫెక్ట్ బోధన మొదలుకావలసిన చోటు ఇది, అంటే 'హ్యాడ్' ఉండటానికీ లేకపోవడానికీ అర్థభేదం ఉన్న చోటు. బోధన మాత్రం 'బిఫోర్' దగ్గర, 'ఆఫ్టర్' దగ్గర, అంటే 'హ్యాడ్' ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేని చోట మొదలై అక్కడే ముగుస్తోంది.

రెండు పనుల సూత్రం తెలుగువారి మనసుకు అంత సులువుగా ఎక్కడానికి భాషలోనే ఒక కారణం కనిపిస్తుంది. అష్టాధ్యాయి మూడవ అధ్యాయం నాలుగవ పాదంలోని 21వ సూత్రంలో పాణిని, ఒకే కర్త చేసే రెండు పనులలో ముందు కాలానికి చెందినదానిని తెలిపే ధాతువుకు క్త్వా ప్రత్యయాన్ని విధించాడు. ఆ సంప్రదాయాన్ని అనుసరించే తెలుగు వ్యాకరణాలు 'తిని', 'చూసి', 'వచ్చి' వంటి రూపాలను క్త్వార్థకాలన్నాయి. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణంతో ఆ పేరు బడి చదువులోకి చేరింది. రెండు పనులు, వాటిలో ముందుదానికి ప్రత్యేక రూపం, తరువాతిదానికి మామూలు సమాపక క్రియ: ఇంగ్లిష్ తరగతిలో పాస్ట్ పర్ఫెక్ట్‌కు చెబుతున్న లక్షణం అక్షరాలా క్త్వార్థకానిదే. తరగతి గదిలోని సూత్రం పాణిని నుంచి దిగివచ్చిందని దీని అర్థం కాదు. తెలుగు విద్యార్థి బుర్రలో అప్పటికే ఉన్న ఒక గూటిలో అది పోయి కూర్చున్నదని మాత్రమే. దాని ఫలితం అనువాదాల్లో బయటపడుతుంది. 'అన్నం తిని వెళ్లాడు' అనే వాక్యానికి 'హి ఏట్ అండ్ లెఫ్ట్' అనే సహజమైన ఇంగ్లిష్ ఉండగా, విద్యార్థి 'తిని' అన్న రూపాన్ని చూసి 'ఆఫ్టర్ హి హ్యాడ్ ఈటెన్' అని మొదలుపెడతాడు. తెలుగులో ఒకే వాక్యంలో నాలుగైదు క్త్వార్థకాలు వరుసగా రావడం మామూలు కనుక, అలాంటి వాక్యం ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి నాలుగైదు 'హ్యాడ్'లు తయారవుతాయి. సంస్కృతాంధ్రాలకు చాలావరకు చెల్లే నియమం మరో భాషలోని మరో రూపానికి చెల్లకపోతే అది ఆ నియమం దోషం కాదు, దాన్ని అక్కడ పెట్టినవారి దోషం.

సూత్రాన్ని సమర్థించేవారి వాదాలలో గట్టిది ఒకటుంది: పిల్లలకు ముందు సరళమైన నియమం నేర్పి, సూక్ష్మాలు తరువాత చెప్పవచ్చు కదా అని. స్థూల నియమాలను ఎవరూ కాదనరు. స్థూల నియమం ఎక్కువసార్లు ఒప్పును ఒప్పుగా, తప్పును తప్పుగా చూపి, అరుదైన చోట తడబడాలి. ఈ నియమం అత్యంత సాధారణమైన చోటనే, అంటే కథను వరుసగా చెప్పే చోటనే, తడబడుతోంది. పైగా సూక్ష్మాలు చెప్పే 'తరువాత' అనేది రావడం లేదు. పదో తరగతిలో నేర్చిన సూత్రమే ఉద్యోగ పరీక్షలో జవాబుల కీగా మళ్లీ ఎదురై, నేర్చుకున్నది నిజమేనన్న ముద్ర వేసి పంపుతోంది. ఇంగ్లిష్ బోధనను శాస్త్రీయం చేయడానికే 1958లో హైదరాబాదులో ఒక కేంద్ర సంస్థ వెలసి, ఇప్పుడది విశ్వవిద్యాలయమై ఉన్నా, దాని పక్కవీధిలో అమ్మే గైడులో సూత్రం చెక్కుచెదరలేదు.

అనవసరమైన 'హ్యాడ్' వల్ల నష్టం లేదు కదా, స్పష్టత పెరుగుతుంది కదా అనేది మరో వాదం. వాక్యాన్ని ఒంటరిగా చూస్తే నష్టం కనిపించదు; పేరా చూస్తే కనిపిస్తుంది. ఇంగ్లిష్ నవలాకారులు వర్తమాన కథ నుంచి పాత సంగతిలోకి వెళ్లేటప్పుడు మొదటి ఒకటి రెండు వాక్యాలలో పాస్ట్ పర్ఫెక్ట్ వాడి, చదివేవారు ఆ పాత కాలంలో కుదురుకున్నారని తెలియగానే సింపుల్ పాస్ట్‌కు మారిపోతారు. తిరిగి వచ్చేటప్పుడు మరొక్క 'హ్యాడ్'తోనో, ఒక కాలవాచకంతోనో ద్వారం మూస్తారు. రెండు పనుల సూత్రం ప్రకారం ఆ పాత కథలోని ఇరవై వాక్యాలకూ 'హ్యాడ్' ఉండాలి, ఎందుకంటే ఇరవై పనులూ ముందు జరిగినవే. అలా రాస్తే చదివేవారికి ఏ పని ఏ పనికి ముందో తెలియడం మానేస్తుంది. ప్రతి క్రియా వెనక్కే లాగుతుంటే ముందుకు నడిచే క్రియ ఏదో తేలదు. పత్రికలకు పంపే ఇంగ్లిష్ వార్తలలో, న్యాయస్థానాల్లో దాఖలు చేసే వాంగ్మూలాల్లో ఈ జబ్బు ఎక్కువ. వాంగ్మూలంలో ఏది ఎప్పుడు జరిగిందన్నదే ప్రాణం కనుక అక్కడ అస్పష్టత కేవలం శైలీదోషంగా మిగలదు.

ఇంగ్లిష్ ఇప్పుడు భారతీయ భాషల్లో ఒకటి, బ్రిటిష్ వాడుకకు దాస్యం ఎందుకనే మూడవ వాదానికి గౌరవమివ్వవలసిందే; భారతీయ ఇంగ్లిష్‌కు సొంత వ్యక్తిత్వం ఉందని బ్రజ్ కచ్రూ వంటి పండితులు దశాబ్దాల క్రితమే నిలబెట్టారు. కాని ఆ వాదం రెండు పనుల సూత్రానికి అక్కరకు రాదు. 'యెస్టర్‌డే ఐ హ్యాడ్ గాన్' అన్న వాడుకను భారతీయమని ఒప్పుకుంటే, దాన్ని తప్పుగా గుర్తించే సూత్రమే ముందు పోవాలి. బ్రిటిష్ ప్రమాణం పేరుతో మార్కులు కోసే జవాబు కీ, ఆ ప్రమాణంలో ఒప్పయిన 'డైడ్ బిఫోర్'ను తప్పనడం దగ్గరికి వచ్చేసరికి భారతీయత చాటున దాక్కోవడం కుదరదు.

'ఇఫ్ యు హ్యాడ్ కమ్ యెస్టర్‌డే' వంటి షరతు వాక్యాలలోను, 'ఐ హ్యాడ్ హోప్డ్ టు కమ్' వంటి తీరని కోరికలలోను 'హ్యాడ్' చేసే పని వేరు. అక్కడ అది ప్రధానంగా జరగనిదాన్ని, వాస్తవం కానిదాన్ని తెలుపుతుంది. వాటిని కూడా రెండు పనుల కిందికే లాక్కొచ్చే గైడ్లు ఉన్నాయి గాని, ఆ ప్రయత్నంపై ఎక్కువ మాటలు వెచ్చించనక్కర లేదు.

మారవలసినవి ప్రధానంగా ప్రశ్నలు. 'బిఫోర్', 'ఆఫ్టర్' ఉన్న ఒంటరి వాక్యంలో ఖాళీ ఇచ్చి ఒక్కటే జవాబు ఒప్పుకునే ప్రశ్నకు రెండు జవాబులూ ఒప్పుకోవాలి, లేదా ఆ ప్రశ్నను తీసేయాలి. దాని స్థానంలో ఆరేడు వాక్యాల చిన్న పేరా ఇచ్చి, కథ వరుసగా సాగుతున్న చోట ఒక ఖాళీని, కథ వెనక్కి తిరిగిన చోట ఒక ఖాళీని, ఆ వెనకటి కాలంలో కుదురుకున్నాక మరొక ఖాళీని ఉంచితే, మొదటిదానికి సింపుల్ పాస్ట్, రెండవదానికి పాస్ట్ పర్ఫెక్ట్, మూడవదానికి రెంటిలో ఏదైనా సరిపోతుందని విద్యార్థి సొంతంగా తేల్చుకోగలడు. 'వెన్' ఉన్న రెండు వాక్యాలు పక్కపక్కన ఇచ్చి, ఏ వాక్యంలోని ప్రయాణికులకు రైలు కనిపించిందో అడిగితే ఒక్క మార్కు ప్రశ్నలోనే విషయం తేలిపోతుంది.